అమెరికా ప్రభుత్వ భూముల్లో ఉచిత క్యాంపింగ్: తరచుగా అడిగే ప్రశ్నలు

లాంగ్ వీకెండ్ రెండు వారాల్లో ఉందనగా గ్రాండ్ కాన్యన్ పార్కు లోపల క్యాంప్‌సైట్ వెతికితే ఒక్కటీ దొరకదు, బయట హోటళ్ల రేట్లు చూస్తే ట్రిప్పే మానేద్దామనిపిస్తుంది. సరిగ్గా అప్పుడే ఎవరో ఒకరు “పక్కనే అడవిలో ఫ్రీగా ఉండొచ్చట కదా” అంటారు. ఉండొచ్చు, నిజమే. మా కుటుంబం ఏడేళ్లుగా అలాగే తిరుగుతోంది, మొదట మామూలు టెంట్‌తో, తర్వాత సీట్లు తీసేసి పరుపు వేసుకున్న సియన్నా వ్యాన్‌తో, రెండుసార్లు అద్దె ఆర్‌వీతో (పడక, వంటిల్లు, టాయిలెట్ లోపలే ఉండే పెద్ద బండి). అమెరికాలో ఉన్న మనవాళ్లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలకి నాకు తెలిసిన జవాబులు ఇవి.

డిస్పర్స్డ్ క్యాంపింగ్, బూన్‌డాకింగ్ రెండూ ఒకటేనా?

దాదాపు ఒకటే. నంబరు వేసిన సైటు, టాయిలెట్, కుళాయి, చెత్తడబ్బా, బల్ల ఏవీ లేని చోట, అడవిలోనో ఎడారిలోనో ప్రభుత్వ భూమి మీద ఉండటాన్ని అధికారికంగా డిస్పర్స్డ్ క్యాంపింగ్ అంటారు. ఆర్‌వీ వాళ్లు అదే పనిని కరెంటు, నీళ్లు, డ్రైనేజీ కనెక్షన్ లేకుండా చేస్తే బూన్‌డాకింగ్ అంటారు. ఈ మాట ఫిలిప్పీన్స్‌లోని తగలోగ్ భాష నుంచి వచ్చింది, బుందోక్ అంటే కొండ, అక్కడ పనిచేసిన అమెరికన్ సైనికులు దాన్ని తమ భాషలోకి తెచ్చుకున్నారు. వాల్‌మార్ట్ పార్కింగ్‌లో రాత్రి పడుకోవడాన్ని కూడా కొందరు బూన్‌డాకింగ్ అనేస్తారు గానీ దానికి, ఇక్కడ చెప్పే విషయానికి సంబంధం లేదు.

నిజంగా ఒక్క డాలరు కూడా కట్టక్కర్లేదా? ఎవరి భూమి ఇది?

చాలా చోట్ల కట్టక్కర్లేదు, రిజర్వేషన్ కూడా ఉండదు. భూమి ఫెడరల్ ప్రభుత్వానిది. ఇందులో మనకి పనికొచ్చేవి ప్రధానంగా రెండు సంస్థల చేతిలో ఉన్నాయి. ఒకటి బ్యూరో ఆఫ్ ల్యాండ్ మేనేజ్‌మెంట్, అందరూ బీఎల్‌ఎం అంటారు, 1946లో ఏర్పడింది, దాని కింద సుమారు 24.5 కోట్ల ఎకరాలు ఉన్నాయి, ఎక్కువగా పడమటి రాష్ట్రాల ఎడారులు, గడ్డి మైదానాలు, అలాస్కా. రెండోది ఫారెస్ట్ సర్వీస్, 1905 నుంచి ఉంది, వ్యవసాయ శాఖ కిందకి వస్తుంది, 154 నేషనల్ ఫారెస్ట్‌లు, 20 నేషనల్ గ్రాస్‌ల్యాండ్‌లు కలిపి దాదాపు 19.3 కోట్ల ఎకరాలు. ఆంధ్ర, తెలంగాణ రెండూ కలిపితే సుమారు 6.8 కోట్ల ఎకరాలు, అంటే ఇక్కడ మనం మాట్లాడుతున్నది అలాంటి జంటలు ఆరింటికి పైగా పట్టే నేల గురించి.

మన ఊళ్లలో పోరంబోకు భూమి అంటే అడిగేవాడు లేని భూమి అని ఒక అర్థం వచ్చేసింది. ఆ అలవాటుతో దీన్ని చూడొద్దు. ఇది ఫ్రీ గానీ, యజమాని లేని భూమి కాదు. ఒక్కో అంగుళానికీ ఏదో ఒక ఆఫీసు, ఏదో ఒక నిబంధన, చాలా చోట్ల పశువుల మేతకి లీజు తీసుకున్న రైతు కూడా ఉంటారు.

నేషనల్ పార్కుల్లోనూ ఇలా ఎక్కడ పడితే అక్కడ ఉండొచ్చా?

ఉండకూడదు. ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. నేషనల్ పార్క్ వేరు, నేషనల్ ఫారెస్ట్ వేరు. పార్కుల్లో కేటాయించిన క్యాంప్‌గ్రౌండ్‌లోనే ఉండాలి, లేదా నడిచి వెళ్లే లోపలి ప్రాంతాలకి విడిగా పర్మిట్ తీసుకోవాలి. అయితే పెద్ద పార్కులు చాలావాటికి ఆనుకునే నేషనల్ ఫారెస్టో బీఎల్‌ఎం భూమో ఉంటుంది. రాత్రి అక్కడ పడుకుని పొద్దున్నే పార్కు గేటు దగ్గరికి వెళ్లడమే మేం చేసేది. పార్కుల వార్షిక పాస్ గేటు దగ్గర పనికొస్తుంది, బయట అడవిలో పడుకోవడానికి సాధారణంగా అడగరు.

మ్యాప్‌లో ఫలానా చోటు సరైనదే అని ఎలా తెలుసుకోవాలి?

దీని మీద ఎంత సమయం పెడితే ట్రిప్ అంత ప్రశాంతంగా ఉంటుంది, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను. గూగుల్ మ్యాప్స్‌లో ఆకుపచ్చగా కనిపించింది కాబట్టి వెళ్లిపోదాం అనుకోకండి. ఆ ఆకుపచ్చలో రాష్ట్ర ప్రభుత్వ పార్కులు, ప్రైవేటు స్థలాలు కలిసిపోయి ఉంటాయి. గాయా, ఆన్ఎక్స్ లాంటి యాప్‌లలో భూమి ఎవరిదో రంగుల్లో చూపించే పొర ఉంటుంది, అది వేసుకుని చూస్తే నేషనల్ ఫారెస్ట్ మధ్యలో కూడా చదరంగం గళ్లలా ప్రైవేటు ముక్కలు కనిపిస్తాయి. ఐఓవర్‌ల్యాండర్‌లో ఇంతకుముందు ఉన్నవాళ్లు రాసిన కామెంట్లు ఉంటాయి, రోడ్డు ఎలా ఉంది, సిగ్నల్ ఉందా అని తెలుస్తుంది, కానీ మూడేళ్ల కిందటి కామెంట్ నమ్మి వెళ్తే అక్కడ “క్యాంపింగ్ నిషేధం” బోర్డు ఎదురు కావచ్చు.

నేషనల్ ఫారెస్ట్ అయితే మోటర్ వెహికల్ యూజ్ మ్యాప్ అని ఒకటి ఉంటుంది, ఎంవీయూఎం అంటారు, ఉచితం, అవెంజా యాప్‌లో దించుకుంటే సిగ్నల్ లేకపోయినా మీరు ఎక్కడున్నారో దాని మీదే చూపిస్తుంది. నలుపు తెలుపు గీతలతో చూడ్డానికి ఏమీ బాగోదు గానీ చట్టప్రకారం ఏ రోడ్డు మీద బండి నడపొచ్చో చెప్పేది అదే. రోడ్డుకి పక్కన చుక్కలు వరుసగా ఉంటే ఆ రోడ్డు వెంట బండితో దిగి క్యాంప్ వేసుకోవచ్చని అర్థం, ఎంత దూరం లోపలికి వెళ్లొచ్చో ఆ మ్యాప్ మీదే రాసి ఉంటుంది.

ఆఖరి పని, నేను ఎప్పుడూ మానని పని, ఆ ప్రాంతపు రేంజర్ (అటవీ అధికారి) డిస్ట్రిక్ట్ ఆఫీసుకో బీఎల్‌ఎం ఫీల్డ్ ఆఫీసుకో ఫోన్ చేయడం. శనాదివారాలు చాలా ఆఫీసులు తీయరు కాబట్టి గురువారమే చేసేయండి. రోడ్డు నంబరు చెప్పి, అక్కడ డిస్పర్స్డ్ క్యాంపింగ్ ఇప్పుడు ఉందా, నిప్పు మీద ఆంక్షలు ఉన్నాయా, మినీవ్యాన్ వెళ్తుందా అని మూడు ప్రశ్నలు అడిగితే చాలు. మన యాస గురించి మొహమాటపడక్కర్లేదు, ఇన్నేళ్లలో నాతో విసుగ్గా మాట్లాడిన రేంజర్ లేరు, పైగా రెండుసార్లు నేను అడిగిన దానికన్నా మంచి చోటు వాళ్లే చెప్పారు.

ఇంకో రెండు జాగ్రత్తలు. అరిజోనాలో స్టేట్ ట్రస్ట్ ల్యాండ్ అని చాలా ఉంటుంది, చూడ్డానికి అచ్చం బీఎల్‌ఎం ఎడారిలాగే ఉంటుంది, కానీ అది ఫెడరల్ భూమి కాదు, దానికి రాష్ట్రం దగ్గర డబ్బు కట్టి పర్మిట్ తీసుకోవాలి. అలాగే ఆంటెలోప్ కాన్యన్, మాన్యుమెంట్ వ్యాలీ ఉన్నది నవాహో జాతి భూమి మీద. అది వాళ్ల నేల, వాళ్ల ప్రభుత్వం, వాళ్ల అనుమతి లేకుండా రోడ్డు పక్కన టెంట్ వేయడం తప్పు.

ఒక చోట ఎన్ని రోజులు ఉండొచ్చు?

సాధారణంగా 14 రోజులు. బీఎల్‌ఎం భూముల్లో చాలా చోట్ల 28 రోజుల వ్యవధిలో 14 రోజులు, ఆ తర్వాత కనీసం 25 మైళ్లు దూరం జరగాలి. నేషనల్ ఫారెస్ట్‌లలో ఒక్కో అడవికి ఒక్కో లెక్క. వయోమింగ్‌లో జాక్సన్ దగ్గర రద్దీ ఎక్కువ కాబట్టి బ్రిడ్జర్-టీటన్ ఫారెస్ట్‌లోని కొన్ని చోట్ల వేసవిలో 5 రోజులే. చలికాలమంతా ఒకే చోట ఉండాలనుకునే ఆర్‌వీ వాళ్ల కోసం అరిజోనాలోని క్వార్ట్‌జ్‌సైట్ దగ్గర లా పోసా లాంటి ప్రత్యేక ప్రాంతాలు ఉన్నాయి, సెప్టెంబర్ 15 నుంచి ఏప్రిల్ 15 వరకు సీజన్, వాటికి మాత్రం డబ్బు కట్టి పర్మిట్ తీసుకోవాలి.

మొదటిసారి వెళ్తున్నాం. ఎక్కడికి వెళ్తే ఇబ్బంది పడం?

గ్రాండ్ కాన్యన్ దక్షిణపు అంచుకి ముందు వచ్చే టుసాయన్ ఊరు చుట్టూ కైబాబ్ నేషనల్ ఫారెస్ట్ ఉంది. ఊరి పక్క నుంచి వెళ్లే ఫారెస్ట్ రోడ్డు 302 వైపు పైన్ చెట్ల కింద చోట్లు ఉంటాయి, పార్కు గేటు కొద్ది నిమిషాల దూరం. మా మొదటి రాత్రి అక్కడే గడిచింది. ఫీనిక్స్‌లో ఆలస్యంగా బయల్దేరి, తిండికి ఆగి, తీరా చేరేసరికి తొమ్మిదిన్నర. చీకట్లో ఏది రోడ్డో ఏది పక్కదారో అర్థం కాలేదు, పిల్లలు ఏడుపు, ఎవరివో టెంట్ల మీద మా లైట్లు పడి వాళ్లు లేచారు. పొద్దున లేచి చూస్తే మా వెనక టైరు ఒక గోతికి అడుగు దూరంలో ఉంది. ఆ రోజు నుంచి ఎక్కడికి వెళ్లినా సూర్యాస్తమయానికి రెండు గంటల ముందు చేరాల్సిందే అని నియమం పెట్టుకున్నాం. మీరూ పెట్టుకోండి.

సౌత్ డకోటాలో బ్యాడ్‌ల్యాండ్స్ పక్కన, వాల్ ఊరి దగ్గర బఫెలో గ్యాప్ నేషనల్ గ్రాస్‌ల్యాండ్ అంచున నిలబడితే కింద లోయంతా కనిపిస్తుంది, దారి కష్టం కాదు, గాలి మాత్రం టెంట్‌ని ఎగరేసుకుపోయేంత వీస్తుంది. లాస్ వేగస్ నుంచి వ్యాలీ ఆఫ్ ఫైర్ వెళ్లేవాళ్లకి ఓవర్టన్ వైపు స్నోబర్డ్ మీసా అనే చదునైన కొండ ఉంది. చలికాలంలో క్వార్ట్‌జ్‌సైట్ చుట్టూ ఉన్న బీఎల్‌ఎం ఎడారి కొత్తవాళ్లకి బాగా పనికొస్తుంది, నేల చదునుగా ఉంటుంది, చుట్టూ నాలుగు ఆర్‌వీలు కనిపిస్తుంటాయి కాబట్టి ఒంటరిగా ఉన్న భయం ఉండదు.

మోయాబ్, సెడోనా, కాలిఫోర్నియాలోని అలబామా హిల్స్ మాత్రం పాత వీడియోలు చూసి వెళ్లకండి. అక్కడ ఇప్పుడు చాలా భాగం గుర్తు పెట్టిన సైట్లలోనే ఉండాలి. మోయాబ్ చుట్టుపక్కల మీ టాయిలెట్ మీరే తెచ్చుకోవాలన్న నియమం కూడా ఉంది.

మేం డల్లాస్‌లో ఉంటాం, మా తమ్ముడు న్యూజెర్సీలో. మాకు దగ్గర్లో ఏమీ లేవా?

తూర్పు రాష్ట్రాల్లోనూ, టెక్సస్‌లోనూ భూమి ఎక్కువగా ప్రైవేటు చేతుల్లో ఉంది. నెవాడాలో 80 శాతం దాకా ఫెడరల్ భూమి, టెక్సస్‌లో రెండు శాతం కూడా లేదు. అయినా డల్లాస్ వాళ్లకి డికేటర్ దగ్గర ఎల్‌బీజే నేషనల్ గ్రాస్‌ల్యాండ్ ఉంది, హ్యూస్టన్ వాళ్లకి ఉత్తరాన శామ్ హ్యూస్టన్ నేషనల్ ఫారెస్ట్ ఉంది, జింకల వేట సీజన్‌లో మాత్రం అక్కడ కేటాయించిన క్యాంపుల్లోనే ఉండాలి. న్యూజెర్సీ, వర్జీనియా వాళ్లకి జార్జ్ వాషింగ్టన్ అండ్ జెఫర్సన్ ఫారెస్ట్, వెస్ట్ వర్జీనియాలో మొనోంగహేలా. బోస్టన్ వైపు వైట్ మౌంటెన్, అట్లాంటా వైపు చటహూచీ. పడమటి ఎడారిలో లాగా చూపు ఆనినంత మేర ఖాళీ ఉండదు, చెట్ల మధ్య చిన్న చిన్న జాగాలు ఉంటాయి.

ఫోర్ బై ఫోర్ బండి తప్పనిసరా? అద్దె కారుతో వెళ్లొచ్చా?

తప్పనిసరి కాదు. మా సియన్నాతో నూటికి ఎనభై చోట్లకి వెళ్లగలిగాం. తెలియని రోడ్డు అయితే బండి ఆపి, ఒకరు దిగి ముందు నడిచి చూసి రండి, వెనక్కి తిప్పుకునే చోటు ఉందా అని కూడా చూసుకోండి. అద్దె కార్ల, అద్దె ఆర్‌వీల కాంట్రాక్టుల్లో చాలావాటిలో తారు రోడ్డు దిగితే ఇన్సూరెన్స్ వర్తించదని రాసి ఉంటుంది. మట్టిలో కూరుకుపోతే లాగడానికి వచ్చే ట్రక్కుకి వందల డాలర్లు మన జేబులోంచే. మా స్నేహితుడి కుటుంబానికి ఇదే జరిగింది, యూటాలో వాన పడ్డాక. అక్కడి బంకమట్టి తడిస్తే టైరుకి జిగురులా పట్టుకుంటుంది, ఎలాంటి బండి అయినా కదలదు, ఆరేదాకా ఆగడమే.

బండి ఎప్పుడూ ఇంతకుముందు ఎవరో ఉన్న జాగాలోనే ఆపండి, కొత్త దారి చేయకండి. యూటా ఎడారిలో నేల మీద నల్లగా, బుడిపెలుగా ఒక పొర కనిపిస్తుంది, అది ప్రాణం ఉన్న మట్టి, ఆ పొరే నేలని గాలికి కొట్టుకుపోకుండా పట్టి ఉంచుతుంది. ఒక్క టైరు గుర్తు పడితే మళ్లీ కోలుకోవడానికి దశాబ్దాలు పడుతుంది.

నీళ్లు ఎన్ని తీసుకెళ్లాలి?

తాగడానికి, వంటకి మనిషికి రోజుకి ఒక గ్యాలన్ అని అందరూ చెబుతారు. మన వంటకి, గిన్నెలు కడగడానికి, చేతులు కాళ్లు కడుక్కోవడానికి అది చాలదు. మేం మనిషికి రోజుకి రెండు గ్యాలన్లు లెక్క వేసుకుని, పైన ఒక రోజుకి సరిపడా అదనంగా పెట్టుకుంటాం. మ్యాప్‌లో వాగు కనిపించినా అందులో నీళ్లు ఉంటాయని నమ్మొద్దు.

బాత్రూం సంగతి ఏంటి?

ఆడవాళ్లు మొదట అడిగేది ఇదే, చాలామంది ట్రిప్ మానేసేది కూడా దీని వల్లే, కాబట్టి దాపరికం లేకుండా చెబుతాను. పద్ధతులు రెండు. అడవి నేల అయితే నీళ్లకి, దారికి, క్యాంపుకి కనీసం 200 అడుగుల దూరం, అంటే ఓ డెబ్బై పెద్ద అంగలు వేసి వెళ్లి, చేతి పారతో 6 నుంచి 8 అంగుళాల లోతు గుంత తవ్వి, పని అయ్యాక మట్టి కప్పేయాలి. టిష్యూ పేపరు గుంతలో వేయకుండా జిప్ కవర్లో పెట్టి వెనక్కి తెచ్చుకోవాలి, జంతువులు తవ్వి బయటికి లాగుతాయి. మనకి చెంబు అలవాటు ఇక్కడ నిజంగా కలిసొస్తుంది, పేపరే అక్కర్లేదు.

ఎడారిలో, ఎక్కువమంది వచ్చే చోట్లలో గుంత పద్ధతి సరిపోదు, ఎండిన నేలలో ఏదీ తొందరగా కుళ్లదు. అలాంటి చోటికి మూత ఉన్న బకెట్ టాయిలెట్, అందులో వేసే వ్యాగ్ బ్యాగులు తీసుకెళ్లండి. ఆ సంచిలో పొడి ఉంటుంది, గట్టిపడేలా చేస్తుంది, వాసన రాదు, తర్వాత ఊళ్లో చెత్తడబ్బాలో వేయొచ్చు. చుట్టూ కట్టుకునే చిన్న నిలువు టెంట్ ఒకటి కొంటే మా అత్తగారు కూడా ఇబ్బంది పడలేదు. టుసాయన్‌లో ఒకసారి చక్కటి పైన్ తోపులోకి వెళ్తే ప్రతి చెట్టు వెనకా తెల్లటి పేపర్లు, పిల్లల డైపర్లు. అక్కడ ఉండలేక వెనక్కి వచ్చేశాం. ఆ తోపు మూసేశారని తర్వాత ఎవరైనా చెబితే నేను ఆశ్చర్యపోను.

ఆర్‌వీ ట్యాంకులు ఎక్కడ ఖాళీ చేయాలి?

డంప్ స్టేషన్‌లో మాత్రమే. హైవే మీద కొన్ని ట్రక్ స్టాపుల్లో, క్యాంప్‌గ్రౌండ్లలో ఉంటాయి, కొద్దిపాటి ఫీజు తీసుకుంటారు. టాయిలెట్ ట్యాంకు నేల మీద వదలడం ఎక్కడైనా నేరమే. గిన్నెలు కడిగిన నీళ్లకి కూడా చాలా చోట్ల నియమాలు ఉన్నాయి, ట్యాంకులోనే ఉంచుకుంటే ఏ గొడవా లేదు.

వంట ఎలా?

మొదటి రోజుకి పులిహోర, రెండో పూటకి చపాతీలు, ఆవకాయ. ఆ తర్వాత గ్యాస్ స్టవ్ మీద వండుకోవాలి. ఎత్తు ప్రదేశాల్లో అన్నం పలుకుగా మిగిలిపోతోందని చాలామంది బియ్యాన్ని తప్పుపడతారు. టుసాయన్ దాదాపు 6,600 అడుగుల ఎత్తులో ఉంది, అక్కడ నీళ్లు సుమారు 93 డిగ్రీలకే మరిగిపోతాయి, మామూలు గిన్నెలో పప్పు ఉడకడానికి చాలా ఎక్కువసేపు పడుతుంది. చిన్న ప్రెషర్ కుక్కర్ తీసుకెళ్లండి, సమస్య తీరిపోతుంది. విమానంలో వెళ్లేవాళ్లు గ్యాస్ డబ్బాలు చెకిన్ సామాన్లో కూడా పెట్టకూడదు, దిగాక కొనుక్కోవాలి.

ఒక్క మాట ప్రాణానికి సంబంధించింది. చలిగా ఉందని స్టవ్‌ని గానీ బొగ్గుల కుంపటిని గానీ టెంట్ లోపలికి, వ్యాన్ లోపలికి తేవద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం పోతుంది.

నెగడు వేసుకోవచ్చా?

ఆ వారం ఆంక్షలు ఏమున్నాయో చూసుకున్నాకే. అమెరికాలో కార్చిచ్చుల్లో అత్యధిక భాగం మనుషుల వల్ల మొదలయ్యేవే. ఎండాకాలంలో స్టేజ్ 1 ఆంక్షలు పెడితే డిస్పర్స్డ్ క్యాంపుల్లో కట్టెల మంట వేయకూడదు, ఆపేసే మీట ఉన్న గ్యాస్ స్టవ్ వాడుకోవచ్చు. స్టేజ్ 2 ఇంకా కఠినం. కాలిఫోర్నియాలో అయితే ఆంక్షలు లేని రోజుల్లో కూడా ఫెడరల్ భూముల్లో గ్యాస్ స్టవ్ వెలిగించడానికి సైతం క్యాంప్‌ఫైర్ పర్మిట్ ఉండాలి. ఆన్‌లైన్‌లో చిన్న వీడియో చూసి కొన్ని ప్రశ్నలకి జవాబు చెబితే ఉచితంగా ఇస్తారు. ఇది తెలియని బే ఏరియా వాళ్లు నాకు ఎంతమంది తగిలారో.

వేసుకోగలిగితే, పాత రాళ్ల పొయ్యిలోనే వేయండి. కట్టెలు ఇంటి దగ్గర్నుంచి మోసుకురావద్దు, వాటితో పాటు చెట్లని చంపే పురుగులు ప్రయాణిస్తాయి, అక్కడికి దగ్గర్లో కొనండి. ఆర్పేటప్పుడు నీళ్లు పోసి, కలిపి, మళ్లీ పోసి, చెయ్యి పెట్టి చూడాలి, వేడి తగిలితే ఆరనట్టే. మట్టి కప్పేస్తే ఆరినట్టు కనిపిస్తుంది గానీ లోపల నిప్పు గంటల తరబడి బతికే ఉంటుంది. మీ నిప్పు వల్ల అడవి అంటుకుంటే ఆర్పడానికి అయిన ఖర్చు మీ దగ్గర వసూలు చేసే అధికారం ప్రభుత్వానికి ఉంది.

ఎలుగుబంట్లు, పాములు?

నేను ఎక్కువగా చూసింది ఆవుల్ని. బీఎల్‌ఎం భూముల్లో మందలు స్వేచ్ఛగా తిరుగుతాయి, రాత్రి రోడ్డుకి అడ్డంగా నిలబడతాయి, నెమ్మదిగా నడపండి. ముళ్లకంచె గేటు మూసి ఉంటే దాటాక మళ్లీ మూయండి, తీసి ఉంటే అలాగే వదిలేయండి. రాత్రి కయోటీలు (నక్కల్లాంటి జంతువులు) గుంపుగా ఊళలు వేస్తే పిల్లలు జడుసుకుంటారు, ముందే చెప్పి ఉంచండి, అవి మన జోలికి రావు.

ఎలుగుబంట్లు ఉన్న చోట, ముఖ్యంగా యెల్లోస్టోన్, టీటన్ చుట్టూ, తిండి దాచే విషయంలో చట్టపరమైన ఆదేశాలు ఉన్నాయి. పోపు వాసన గాల్లో చాలా దూరం వెళ్తుంది. తిన్నాక గిన్నెలు, చెత్త, టూత్‌పేస్టు, పచ్చడి సీసా అన్నీ గట్టి బండిలోకో, ఎలుగులు తెరవలేని బేర్ బాక్స్‌లోకో వెళ్లాలి, టెంట్‌లో బిస్కెట్ ముక్క కూడా ఉండకూడదు. ఎలుగుని తరిమే బేర్ స్ప్రే అక్కడే కొనండి, విమానంలో తీసుకెళ్లనివ్వరు.

చలి, వాన గురించి ఏం చూసుకోవాలి?

ఎడారి అంటే వేడి అనుకుని దుప్పట్లు లేకుండా వచ్చేస్తారు. అక్టోబర్‌లో టుసాయన్‌లో మా నీళ్ల డబ్బా గడ్డకట్టింది. జూలై నుంచి సెప్టెంబర్ దాకా అరిజోనా, యూటాల్లో సాయంత్రం వానలు వస్తాయి, ఎక్కడో కొండల్లో పడిన వాన మీ దగ్గర ఎండిన వాగులోకి నిమిషాల్లో వచ్చేస్తుంది. ఇసుక మెత్తగా ఉందని వాగులో టెంట్ వేయకండి.

సిగ్నల్ ఉండదు కదా, ఏదైనా అయితే?

వెళ్లే ముందు రోడ్డు నంబరు, అక్షాంశ రేఖాంశాలు, ఎప్పటికి తిరిగొస్తారో ఇంట్లోవాళ్లకో స్నేహితులకో రాసి పంపండి. ఐఫోన్ 14, ఆ తర్వాత వచ్చినవాటిలో ఉపగ్రహం ద్వారా ఎమర్జెన్సీ మెసేజ్ పంపే సదుపాయం ఉంది, ఇంట్లో ఉన్నప్పుడే డెమో చేసి చూడండి. గార్మిన్ ఇన్‌రీచ్ అనే ఉపగ్రహ మెసేజ్ పరికరం ఇంకా నమ్మకమైనది. పని కూడా చేసుకోవాలంటే స్టార్‌లింక్ ఉపగ్రహ ఇంటర్నెట్ పెట్టుకునేవాళ్లు ఉన్నారు, పైన చెట్లు అడ్డు లేకుండా ఆకాశం కనిపించాలి.

అంత ఒంటరి చోట భయం వేయదా? ఎవరైనా వస్తే?

మొదటి రాత్రి వేస్తుంది. మాకు ఇన్నేళ్లలో మనుషుల వల్ల ఇబ్బంది రాలేదు, కానీ హైవేకి మరీ దగ్గర, పగిలిన సీసాలు, కాలిన సోఫాలు కనిపించే చోట మేం ఎప్పుడూ ఆగలేదు. మనసుకి నచ్చకపోతే కారణం వెతక్కండి, వెళ్లిపోండి. బండిని బయటికి తిరిగి ఉండేలా ఆపండి, తాళాలు ఎక్కడున్నాయో ఇద్దరికీ తెలియాలి.

తుపాకీ చప్పుడు వినిపిస్తే కంగారు పడొద్దు, ఈ భూముల్లో చాలా చోట్ల గురి సాధన చేయడం చట్టబద్ధమే, దిశ చూసుకుని దూరం జరగండి. శరదృతువులో వేట సీజన్‌లో పిల్లలకి ముదురు నారింజ రంగు జాకెట్ వేయండి. రేంజరో షెరిఫ్ డిప్యూటీనో వచ్చి పలకరిస్తే, అది వాళ్ల రోజువారీ పని, చేతులు కనిపించేలా ఉంచి మామూలుగా మాట్లాడండి.

మేం హెచ్1బీ మీద ఉన్నాం. పేపర్లు తీసుకెళ్లాలా?

తీసుకెళ్లండి. 18 ఏళ్లు దాటిన విదేశీయులు తమ రిజిస్ట్రేషన్ పత్రం ఎప్పుడూ దగ్గర ఉంచుకోవాలని చట్టమే చెబుతోంది, గ్రీన్ కార్డు వాళ్లకి కార్డు, మనకి ఐ-94 (దేశంలోకి వచ్చిన రికార్డు) ప్రింట్. దక్షిణ అరిజోనా, కాలిఫోర్నియా, న్యూ మెక్సికో హైవేల మీద సరిహద్దు దాటకపోయినా బోర్డర్ పెట్రోల్ చెక్‌పోస్టులు ఎదురవుతాయి. ఫోన్లో ఫొటో ఉంది కదా అనుకోవద్దు, ఫోన్ చార్జ్ అయిపోయేది అక్కడే.

ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నల్ని తీసుకెళ్లొచ్చా?

తీసుకెళ్లొచ్చు, ఒక్క రాత్రితో మొదలుపెట్టండి. నేల మీద పరుపు కాకుండా మడత మంచం, ఎత్తైన టాయిలెట్ సీటు, అదనంగా ఒక రగ్గు. ఏడు వేల అడుగుల ఎత్తులో బీపీ, గుండె సమస్యలు ఉన్నవాళ్లకి ఆయాసం రావచ్చు, డాక్టర్‌ని అడిగి, విజిటర్ ఇన్సూరెన్స్ కాగితం చేతిలో పెట్టుకుని వెళ్లండి. దగ్గరి ఆసుపత్రి గంటకి పైగా దూరమైతే మేం ఆ చోటు ఎంచుకోం. అమావాస్య దగ్గర్లో ట్రిప్ పెట్టుకుంటే పాలపుంత మొత్తం కనిపిస్తుంది. మా మామయ్యగారు గ్రాస్‌ల్యాండ్‌లో దుప్పటి కప్పుకుని కూర్చుని సప్తర్షి మండలంలో వశిష్ఠుణ్ణి, పక్కనే సన్నగా మెరిసే అరుంధతిని మా పిల్లలకి చూపించారు, మా పెళ్లిలో పురోహితుడు పట్టపగలు చూపించిన నక్షత్రాన్ని నేను కళ్లారా చూసింది ఆ రాత్రే.

పది పన్నెండు కుటుంబాలం కలిసి కార్తీక వనభోజనాలు పెట్టుకోవాలనుకుంటున్నాం. ఈ భూముల్లో కుదురుతుందా?

కుదురుతుంది, కొన్ని షరతులతో. నేషనల్ ఫారెస్ట్‌లో 75 మంది లేదా అంతకన్నా ఎక్కువమంది చేరితే ముందుగా పర్మిట్ తీసుకోవాలి, పిల్లల్ని కూడా లెక్కలో వేయండి. అంతకన్నా తక్కువైనా పది బండ్లు ఒకేసారి సన్నటి అడవి దారిలోకి వెళ్తే గడ్డి నలిగి కొత్త దారి పడిపోతుంది, కాబట్టి పెద్ద జాగా ఎక్కడుందో ముందే రేంజర్‌ని అడగండి. గుంపు ఎక్కువైతే పట్టణానికి దగ్గరగా గ్రూప్ క్యాంప్‌సైట్ అద్దెకి తీసుకోవడమే మంచిదని నా అభిప్రాయం, టాయిలెట్లు ఉంటాయి, బల్లలుంటాయి.

చెట్టు కింద దీపాలు పెట్టాలని పెద్దవాళ్లకి ఉంటుంది. నవంబర్‌లో కూడా కాలిఫోర్నియా గడ్డి ఎండిపోయే ఉంటుంది. 2020లో ఒక పార్టీలో వాడిన పొగ పరికరం వల్ల ఎల్ డొరాడో కార్చిచ్చు మొదలై 22 వేల ఎకరాలకి పైగా కాలింది, ఒక అగ్నిమాపక ఉద్యోగి ప్రాణం పోయింది. వేడుక చేసుకోవడానికి వచ్చినవాళ్ల వల్లే అది జరిగింది. బ్యాటరీ దీపాలు పెట్టుకోండి, నూనె దీపం ఇంటికొచ్చాక పెట్టుకోవచ్చు. స్పీకర్ బాక్సులు వద్దు, జనరేటర్ ఉంటే రాత్రి పదికల్లా ఆపేయండి. అరటి తొక్కలు, విస్తరాకులు, మిగిలిన అన్నం మట్టిలో కలిసిపోతాయిలే అని చెట్ల కింద పారేయకండి, జంతువులు వాటికి అలవాటు పడి తర్వాత వచ్చే కుటుంబం టెంట్ చించుతాయి. పెద్ద నల్ల సంచులు కుటుంబానికి రెండు చొప్పున పంచి, వెళ్లే ముందు పిల్లలందర్నీ వరసగా నిలబెట్టి ఆ జాగా అంతా ఒకసారి నడిపించండి, వాళ్ల కళ్లకి కనిపించే సీసా మూతలు, రబ్బరు బ్యాండ్లు పెద్దవాళ్లకి కనిపించవు.